ప్రణాళికయు, ప్రయోగమును
సాఫ్ట్‌వేర్ నిర్మాణములో రెండు పద్ధతుల కలయిక

కంప్యూటరు లేని ఇల్లు నేడును ఉండవచ్చును గాని, కంప్యూటరు మీద ఆధారపడని ఇల్లు మాత్రము అరుదు. బ్యాంకులో దాచుకొన్న సొమ్ము, రైలు టిక్కెట్టు, కరెంటు బిల్లు, వృద్ధుల పింఛను, వంటగ్యాసు బండ, ఇవి యన్నియు ఎక్కడనో ఒక యంత్రములో వ్రాసి యుంచిన ఆదేశముల ననుసరించియే మనకు చేరుచున్నవి. ఆ ఆదేశముల సముదాయమునకే సాఫ్ట్‌వేర్ అని పేరు. దానిని వ్రాయువారిలో తెలుగువారి సంఖ్య తక్కువది కాదు. 1998లో హైదరాబాదున సైబర్ టవర్స్ భవనము ప్రారంభమైన నాటి నుండి ఈ వృత్తి మన మధ్యతరగతి ఇండ్లలో అతి సామాన్యమైనది. కుమారుడో, కుమార్తెయో, కోడలో గది తలుపు మూసికొని ఫోనులో మాటలాడుచుండగా "స్ప్రింటు", "స్టాండప్", "రిలీజు" వంటి మాటలు పెద్దల చెవిని పడుచునే యుండును. ఆ మాటల వెనుక అర్ధశతాబ్దికి పైగా సాగుచున్న ఒక వివాదము కలదు. అది ఆ వృత్తివారి సొంత గొడవ కాదు. దాని ఫలితము మన సొమ్ము మీదను, మన సౌకర్యము మీదను పడుచున్నది.

వివాదము ఇది. ఒక పెద్ద సంస్థకు క్రొత్త సాఫ్ట్‌వేర్ కావలసి వచ్చినది. వందల మంది పనివారు, కోట్ల కొలది ధనము, రెండు మూడేండ్ల కాలము దానికి పట్టును. ఇట్టి పనిని నడుపుట యెట్లు? ఏమి కావలెనో మొదటనే సమగ్రముగా వ్రాసికొని, ఆ వ్రాత ప్రకారము కడవరకు నడువవలెనా? లేక కొంచెము కొంచెముగా కట్టి, వాడువారికి చూపి, వారి మాటను బట్టి ముందునకు పోవలెనా? మొదటి దానిని సంప్రదాయ పద్ధతి యనియు, రెండవ దానిని ఎజైల్ పద్ధతి, అనగా చురుకైన పద్ధతి యనియు పిలుచుచున్నారు.

మొదటి పద్ధతిలోని న్యాయము సులభముగా గ్రహింపవచ్చును. ఇల్లు కట్టువాడు ముందు పటము గీయించును. పునాది త్రవ్విన తరువాత గోడల స్థానము మార్చుట కష్టము, కప్పు వేసిన తరువాత మార్చుట మరింత కష్టము. కనుక అవసరముల సేకరణ, రూపకల్పన, వ్రాత, పరీక్ష, అప్పగింత అను మెట్లను వరుసగా దిగవలెనని పెద్దలు భావించిరి. పై మెట్టు నుండి క్రింది మెట్టునకు నీరు దుమికినట్లు పని సాగును గనుక దీనికి జలపాత పద్ధతి యను పేరు వచ్చినది.

ఇందు ఒక విచిత్రమున్నది. ఈ పద్ధతికి మూలపురుషునిగా చాలమంది చెప్పునది విన్‌స్టన్ రాయిస్ అను అమెరికా ఇంజనీరును. ఆయన 1970లో ప్రచురించిన వ్యాసములో ఈ మెట్ల చిత్రము కనబడుచున్నది. కాని జలపాతమను మాట ఆయన వ్రాయలేదు. పైగా, పరీక్ష చిట్టచివర వచ్చు నట్టి ఏర్పాటు ప్రమాదకరమనియు, తప్పు అప్పుడు బయటపడినచో పని మరల మొదటికి రావలసి యుండుననియు ఆయనయే హెచ్చరించెను. క్రొత్త రకపు పనియైనచో ముందొక చిన్న నమూనా కట్టి చూచి, దాని నుండి నేర్చికొని, తరువాత అసలైన దానిని కట్టుడని సలహా చెప్పెను. లోకము చిత్రమును గ్రహించినది, హెచ్చరికను విడిచినది. 1985లో అమెరికా రక్షణ శాఖ జారీ చేసిన ప్రమాణ పత్రము ఆచరణలో ఇంచుమించు ఈ మెట్ల వరుసనే గుత్తేదారులకు నియమము చేసినది. ప్రభుత్వములును, పెద్ద వ్యాపార సంస్థలును ఇదే దారిని నడిచినవి.

సాఫ్ట్‌వేర్ ఇటుకల ఇల్లు కాకపోవుటయే చిక్కునకు కారణము. ఇల్లు ఎట్లుండునో గృహస్థునికి తెలియును, అంతకు ముందు ఇండ్లలో నివసించి యున్నాడు గనుక. తన కార్యాలయమునకు ఎట్టి సాఫ్ట్‌వేర్ కావలెనో దానిని కంటితో చూచువరకు అధికారికే స్పష్టముగా తెలియదు. మూడు వందల పుటల అవసరముల పత్రము మీద అతడు సంతకము చేయును. రెండేండ్ల తరువాత తయారైన వస్తువును చూచి, ఇది నేను కోరినది కాదనును. వ్రాసినవారు పత్రము తెరచి చూపుదురు. పత్రము ప్రకారము వారిది న్యాయమే. కాని పని మాత్రము చెడినది.

ఈ అనుభవముల నుండియే రెండవ పద్ధతి పుట్టినది. 1986లో జపాను పండితులు తకెయుచి, నొనాక యనువారు హోండా, కెనాన్ వంటి సంస్థలలో క్రొత్త వస్తువుల తయారీని పరిశీలించి, అచటి బృందములు రగ్బీ ఆటలో వలె అందరు కలిసి బంతిని ముందునకు తీసికొని పోవుచున్నవని వర్ణించిరి. ఆ ఆటలోని "స్క్రమ్" అను మాటనే కెన్ ష్వేబర్, జెఫ్ సదర్లాండ్ అనువారు 1995లో తమ సాఫ్ట్‌వేర్ పద్ధతికి పేరుగా లోకమునకు పరిచయము చేసిరి. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రమున స్నోబర్డ్ అను కొండ విడిదిలో పదునేడుగురు నిపుణులు సమావేశమై ఒక చిన్న ప్రకటన చేసిరి. ఎజైల్ అను పేరు అక్కడ స్థిరపడినది.

ఆ పద్ధతిలో పని చిన్న విడతలుగా సాగును. ఒక్కొక్క విడతకు స్ప్రింటు అని పేరు. అది సాధారణముగా రెండు వారములు, మించిన ఒక నెల. విడత చివర పనిచేయు ముక్క యొకటి చేతికి రావలెను. దానిని వాడువారు చూచి, బాగోగులు చెప్పుదురు. తరువాతి విడతలో ఏమి చేయవలెనో అప్పుడు నిర్ణయింతురు. ప్రతి ఉదయము బృందము నిలుచుండియే పావుగంట మాటలాడికొనును. అదియే స్టాండప్. ప్రకటనకర్తలు ప్రణాళికలు వద్దని గాని, పత్రములు వద్దని గాని అనలేదు. వానికిని విలువ కలదనియు, మార్పునకు స్పందించుటకును, పనిచేయు వస్తువునకును అంతకంటె ఎక్కువ విలువ నిత్తుమనియు మాత్రమే చెప్పిరి. ఇచటను లోకము సగమునే విన్నది. ప్రణాళిక లేకుండుటయే చురుకుదనమని కొందరు భ్రమించిరి.

ఈ రెండిటిలో ఏది మేలు అను ప్రశ్న ఇరువది ఏండ్లుగా నడుచుచున్నది. నా ఉద్దేశమున ప్రశ్నయే సరియైనది కాదు. ఒకే పనిలో కొన్ని భాగములు ప్రణాళికను కోరును, కొన్ని ప్రయోగమును కోరును. ఏ భాగము ఏ కోవకు చెందునో విడదీయుటయే అసలు విద్య. దానికి గీటురాయి యొకటి కలదు: తప్పు జరిగినచో దానిని వెనుకకు తీసికొనగలమా? తీసికొనగలిగిన చోట ప్రయోగము చేయవచ్చును. తీసికొనలేని చోట ప్రణాళిక తప్పదు.

రేడియో కేంద్రములో పనిచేయువారికి ఈ విభజన క్రొత్తది కాదు. ఏ గంటకు ఏ కార్యక్రమమో తెలుపు పట్టిక చాల ముందుగా తయారగును. ఈ పత్రికలో అచ్చగును. శ్రోతలు దానిని నమ్మి రేడియో పెట్టుదురు గనుక దానిని ఇష్టము వచ్చినట్లు మార్చ వీలులేదు. వార్తల వేళ స్థిరము. కాని ఆ పది నిమిషములలో చదువబోవు వార్తలు చివరి క్షణము వరకు మారుచునే యుండును. వేళ మారినచో నమ్మకము చెడును, వార్త మారకున్నచో వార్తయే చెడును. స్థిరమైన చట్రములో చలించు విషయమును ఇముడ్చుటయే మా నిత్యకృత్యము. సాఫ్ట్‌వేర్ వారు మిశ్రమ పద్ధతి యని చెప్పునదియు తత్త్వమున ఇదియే.

ఈ మాట పండితులును ఏనాడో చెప్పిరి. సాఫ్ట్‌వేర్ వ్యయములను లెక్కగట్టు శాస్త్రములో పేరొందిన బారీ బోమ్, రిచర్డ్ టర్నర్ అనువారు కలిసి 2003లో ఒక గ్రంథము ప్రకటించిరి. చురుకుదనమును, క్రమశిక్షణను ఎంతెంత పాళ్ళలో కలుపవలెనో అందలి విషయము. ఏ పనిలో ఏ ప్రమాదము పొంచి యున్నదో తూచి చూచి, దానిని బట్టి పాళ్ళు నిర్ణయింపుడని వారి సలహా.

ఇక ఆచరణకు వత్తము. అమెరికా కేంద్ర నేర పరిశోధక సంస్థ ఎఫ్.బి.ఐ. తన కేసుల కాగితములను కంప్యూటరు లోనికి ఎక్కింపదలచి మొదట చేసిన ప్రయత్నము సుమారు 17 కోట్ల డాలర్లు ఖర్చయిన తరువాత 2005లో విడిచిపెట్టబడెను. 2006లో సెంటినెల్ అను పేరుతో మరల ఆరంభించి, లాక్‌హీడ్ మార్టిన్ సంస్థకు నాలుగు దశల ఒప్పందము నిచ్చిరి. మొదటి దశ నెరవేరెను. రెండవ దశలో దోషములు, జాప్యములు పెరిగెను. 2010లో ఎఫ్.బి.ఐ. పనిని తన చేతిలోనికి తీసికొని, చిన్న బృందముతో రెండు వారముల విడతలుగా నడిపెను. 2012 జులై 1న ఆ వ్యవస్థ సంస్థ అంతటికిని అందుబాటు లోనికి వచ్చెను.

ఈ కథను ఎజైల్ విజయముగా చెప్పుట వాడుక. కాని జాగ్రత్తగా చూడుడు. మొత్తము ఖర్చు మించరాదని నిర్ణయించిన 45 కోట్ల 10 లక్షల డాలర్ల హద్దు అట్లే నిలిచినది. మొదట వ్రాసికొన్న అవసరములే విడతల పనికి కొలబద్దగా నున్నవి. న్యాయశాఖ తనిఖీ అధికారులు బయటి నుండి ఎప్పటికప్పుడు నివేదికలు వెలువరించుచునే యుండిరి. 2011 అక్టోబరులో వందలాది ఉద్యోగులచే ఒకేసారి వాడించి చూడగా యంత్రముల శక్తి చాలదని తేలినది. అప్పుడు గడువును వాయిదా వేసిరి గాని, వ్యవస్థను బలవంతముగా వాడుకలోనికి దింపలేదు. లోపల ప్రయోగము, వెలుపల కట్టుబాటు, నడుమ ఆగగల ధైర్యము. ఈ మూడును కలిసినందుననే పని నెరవేరినది.

ఆగలేకపోయినవారి కథ బ్రిటన్‌లో కలదు. టి.ఎస్.బి. బ్యాంకు పూర్వము లాయిడ్స్ బ్యాంకులో భాగము. 2015లో స్పెయిన్ దేశపు సబాదెల్ బ్యాంకు దానిని కొన్నది. ఖాతాలు మాత్రము ఇంకను లాయిడ్స్ వారి కంప్యూటర్లలోనే యుండెను. వానిని తన సొంత వ్యవస్థకు మార్చుటకు బ్యాంకు పూనుకొన్నది. 2017 చివర జరుగవలసిన మార్పు 2018కి వాయిదా పడెను. 2018 ఏప్రిల్ మూడవ వారాంతమున సుమారు 52 లక్షల ఖాతాదారుల వివరములను, ఎక్కువ భాగము ఒకే విడతలో, క్రొత్త వ్యవస్థకు తరలించిరి. ఆదివారము సాయంకాలము తలుపులు తెరచునప్పటికి అనర్థము బయటపడెను. 19 లక్షల మంది వరకు తమ ఖాతాలను చూచుకొనలేకపోయిరి. కొందరికి పరుల ఖాతాల వివరములు కనబడెను. చెల్లింపులు నిలిచిపోయెను. అంతయు చక్కబడునప్పటికి డిసెంబరు వచ్చెను.

బ్యాంకు కోరిక మీద విచారణ జరిపిన న్యాయవాద సంస్థ నివేదిక 2019 నవంబరులో వెలువడినది. అందలి ముఖ్యాంశములు మన గీటురాయికి చక్కగా సరిపోవుచున్నవి. పనిని బట్టి గడువు నిర్ణయించుటకు మారుగా, గడువును ముందు నిర్ణయించి పనిని అందులో కుదించిరి. ఒకదాని తరువాత ఒకటి జరుగవలసిన పరీక్షలను కాలము చాలక ఒకేసారి జరిపిరి. రెండు కంప్యూటరు కేంద్రములు కలిసి పనిచేయవలసి యుండగా, భారమును ఓర్చు పరీక్ష ఒక్క కేంద్రముననే జరిగినది. అంతయు ఒకే విడతలో మార్చుట ఎందులకని పాలకమండలి గట్టిగా అడుగలేదు. 2022 డిసెంబరులో నియంత్రణ సంస్థలు బ్యాంకునకు 4 కోట్ల 86 లక్షల పౌండ్లకు పైగా జరిమానా విధించినవి. ఖాతాదారులకు చెల్లించిన పరిహారము 3 కోట్ల 27 లక్షల పౌండ్లు. సరఫరా సంస్థ నిజముగా సిద్ధముగా నున్నదా యని తగినంత విచారింపనందుకు, బ్యాంకు కంప్యూటరు వ్యవహారములు చూచిన పూర్వపు ప్రధానాధికారికి 2023లో 81,620 పౌండ్ల జరిమానా వ్యక్తిగతముగా పడెను.

ఖాతాల తరలింపు వెనుకకు తీసికొనలేని పని. లగ్నము వంటిది. విందులో ఒక వంటకము చెడినచో మరియొకటి వడ్డింపవచ్చును గాని, ముహూర్తము దాటిన తరువాత పందిరి వేసి ప్రయోజనము లేదు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న సామెతలో మనవారు ఈ రెండు పనులనే కలిపి చెప్పుట ఊరక కాదు. రెండింటను కొన్ని అడుగులు వేసిన తరువాత మరల వెనుకకు రావు.

కనుక సరియైన కలయిక ఎట్లుండవలెను? పని యొక్క ఉద్దేశము, మొత్తము ధనము, చట్టము విధించిన నియమములు, భద్రత, పాత వివరముల తరలింపు, ఇతర సంస్థలతో ఒప్పందములు, ఇవి ప్రణాళిక పాలు. వీనికి మెట్లు, తనిఖీలు, సంతకములు కావలెను. తెర మీద ఏ గడి ఎక్కడ నుండవలెను, ఏ సౌకర్యము ముందు, ఏది వెనుక, గుమాస్తాకు ఏది సులువు, ముసలి ఖాతాదారునికి ఏది అర్థమగును, ఇవి ప్రయోగము పాలు. వీనిని రెండు వారములకొకసారి చూపి, దిద్దుకొనుచు పోవచ్చును. ఈ రెండింటిని కలుపు కీలు ఒకటి కలదు. ప్రతి తనిఖీ మెట్టు వద్దను నిర్ణయము కాగితముల మీద గాక, అప్పటి వరకు కట్టిన పనిచేయు వస్తువు మీద ఆధారపడవలెను. అది సంతృప్తికరముగా లేనిచో ధనము ఆపు అధికారము ఒకరికి నిజముగా ఉండవలెను.

ఆ కీలు లేనిచో కలయిక పేరునకే మిగులును. మొదట సంవత్సరము పొడవునా పత్రములు, నడుమ మాత్రము స్ప్రింటులు, చివర మరల ఒకేసారి పెద్ద అప్పగింత, ఇట్టి ఏర్పాటు నేడు పెద్ద సంస్థలలో తరచు కనబడును. ఫారెస్టర్ సంస్థలో పరిశోధకుడైన డేవ్ వెస్ట్ 2011లో దీనికి "వాటర్-స్క్రమ్-ఫాల్" అని పేరు పెట్టెను. జలపాతమును రెండుగా చీల్చి నడుమ స్క్రమ్‌ను ఇరికించిన పేరది. వాడువారు చివరి దినము వరకు దేనిని చూడరు. పనివారు మాత్రము రెండు పద్ధతుల భారమును మోయుదురు. ఉదయము స్టాండప్, సాయంకాలము పై అధికారుల సమీక్ష, వారము చివర నివేదిక. ఆ నివేదికలో పని సవ్యముగా నున్నదని ఆకుపచ్చ గుర్తు పెట్టుదురు. లోపల చూచిన అంతయు ఎరుపు. ఈ వృత్తిలో దీనిని పుచ్చకాయ నివేదిక యని హాస్యముగా అందురు. ఇంటిలో అర్ధరాత్రి వరకు వెలుగుచుండు కంప్యూటరు తెరకు అనేక పర్యాయములు ఇట్టి నివేదికయే కారణము. కాగితము మీద మిగిల్చిన కాలమును ఎవరో ఒకరు తమ నిద్ర నుండి చెల్లింపవలసినదే.

ఒప్పందముల మాట కూడ చెప్పవలెను. ఒక సంస్థ మరియొక సంస్థకు పని అప్పగించునపుడు ప్రతి చిన్న అంశమును, వెలను, గడువును ముందే బిగించి, పైగా చురుకుగా మారుడని చెప్పినచో అది చేతులు కట్టి ఈదుమనుట వంటిది. అట్లని ఏ హద్దును లేని ఒప్పందము కోరుట మరియొకరి సొమ్ముతో జూదము. మొత్తమునకు హద్దు పెట్టి, దశల వారీగా ధనము విడుదల చేసి, ఆ హద్దు లోపల అంశములను మార్చుకొను స్వేచ్ఛ నిచ్చుట మధ్యే మార్గము. దీనికి ఇరుపక్షముల నడుమ నమ్మకము కావలెను. ప్రతి దశలోను వస్తువును కంటితో చూచినచో ఆ నమ్మకము క్రమముగా కలుగును.

ఇందు మనవంటి గృహస్థులకు పని యేమున్నదని ఎవరైన అడుగవచ్చును. మన బ్యాంకు వ్యవస్థ మారుచున్నదని తెలిసినపుడు, మన ఊరి కార్యాలయము క్రొత్త కంప్యూటరు పద్ధతిలోనికి పోవుచున్నదని విన్నపుడు మనము అడుగదగిన ప్రశ్నలు మూడు కలవు. దీనిని ముందు కొద్దిమందితో వాడించి చూచినారా? తప్పు జరిగినచో పాత పద్ధతికి మరలుటకు దారి యుంచినారా? సిద్ధము కాలేదని తేలినచో ప్రారంభమును ఆపగల అధికారము ఎవరికున్నది? ఈ ప్రశ్నలకు సాంకేతిక జ్ఞానము అక్కరలేదు. పౌరునిగా, ఖాతాదారునిగా మనకు గల హక్కు చాలును. ఈ వృత్తిలోనే యున్న మన బిడ్డలు ఇవే ప్రశ్నలను తమ కార్యాలయములలో అడుగుచుందురు. అట్లు అడుగువానిని పనికి అడ్డుపడువాడని నిందించు సంస్థలు కలవు, అతని మాటకు చెవియొగ్గు సంస్థలును కలవు. పద్ధతి పేరు ఏదైనను, మన సొమ్ము ఈ రెండవ కోవకు చెందిన సంస్థ చేతిలోనే క్షేమముగా నుండును.